డీజిల్ పికప్ తెల్లవారుజామున వెంటనే స్టార్ట్ కావడం లేదు, బ్యాటరీ మార్చినా అదే బాధ

పలమనేరు పాలబండి:

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. నా దగ్గర 2015 మోడల్ డీజిల్ పికప్ ఉంది. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు పాల క్యాన్లు ఎత్తుకుని, మొగిలి ఘాట్ దిగి చిత్తూరుకు చేర్చడం నా పని. నెలన్నర నుంచి ఉదయం పూట బండి వెంటనే అందుకోవడం లేదు. ఇరవై, ఇరవై అయిదు సెకన్లు సెల్ఫ్ కొడితే గాని ఇంజిన్ స్టార్ట్ కాదు, ఒక్కోరోజు మూడు నాలుగు సార్లు కొట్టవలసి వస్తోంది. ఒకసారి స్టార్ట్ అయ్యాక మాత్రం ఏ లోపమూ కనిపించదు. తిరుగు ప్రయాణంలో దాణా బస్తాలతో ఘాట్ ఎక్కేటప్పుడు కూడా బాగానే లాగుతుంది.

బ్యాటరీ పోయిందంటే కొత్తది వేయించాను, మార్పు లేదు. ఇప్పుడు ఒకరు సెల్ఫ్ మోటారు విప్పాలంటున్నారు, మరొకరు ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయాయంటున్నారు. ఇంజెక్టర్ల ఖర్చు నా వంటివాడు ఊరికే పెట్టగలిగేది కాదు. దేనితో మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

తిరుపతి డీజిల్ షెడ్డు:

నమస్కారమండీ. ఇంకేమీ కొనకండి, ఏదీ విప్పించకండి. "స్టార్ట్ కావడం లేదు" అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ బరువుగా, ఆగి ఆగి తిరుగుతోందా, లేక చురుకుగానే తిరుగుతూ అందుకోవడం లేదా అన్నది ముందు తేలాలి. బరువుగా తిరిగితే బ్యాటరీ, టెర్మినళ్ళు, ఎర్త్ వైరు, సెల్ఫ్ మోటారు వైపు చూడాలి. చురుకుగా తిరుగుతూ అందుకోకపోతే వాటి జోలికే పోనక్కరలేదు. డీజిల్ అందడం లేదు, లేదా అందిన డీజిల్ మండడం లేదు.

ఆ రెండింటిలో ఏదో సైలెన్సరే చెబుతుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఒక మనిషిని వెనక నిలబెట్టి టార్చి వేసి చూడమనండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లలోకి వెళుతోంది గాని మండడం లేదని అర్థం. అప్పుడు చల్లటి ఇంజిన్‌ను ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్‌లను, ఆ తరువాత కంప్రెషన్‌ను, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే బలాన్ని, అనుమానించాలి. పొగ జాడే లేకపోతే డీజిల్ సిలిండరు దాకా రావడం లేదు. కామన్ రైల్ ఇంజిన్‌లో, అంటే ఇంజెక్టర్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే ఇంజిన్‌లో, ఆ గొట్టంలోని ఒత్తిడి (రైల్ ప్రెషర్) కొంత మేరకు, చాలా బండ్లలో సుమారు 200 బార్లకు, చేరేవరకు కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనివ్వదు. దారిలో కొంచెం గాలి చేరినా ఆ ప్రెషర్ రావడానికి చాలా సెకన్లు పడుతుంది.

ఇంకొక్క విషయం అడుగుతున్నాను. రాత్రి బండిని ఎక్కడ, ఎటు ముఖం పెట్టి నిలుపుతారు? చిత్తూరులో మూడు నాలుగు గంటలు ఆపినప్పుడు కూడా ఇలాగే మొరాయిస్తుందా?

చిత్తూరు ఆటో ఎలక్ట్రీషియన్:

పై మాటతో నేను ఏకీభవిస్తాను. అయినా కరెంటు వైపు అనుమానం పూర్తిగా తీరాలంటే మల్టీమీటరుతో పది నిమిషాల పని. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 9.6 కంటే కిందికి జారకూడదు. తరువాత మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద, రెండవ కొనను ఇంజిన్ బ్లాకు మీద ఆనించి సెల్ఫ్ కొట్టండి. అక్కడ అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ వైరు తుప్పు పట్టినట్లే, కొత్త బ్యాటరీ వేసినా ప్రయోజనం ఉండదు.

పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ప్రాంతం గనుక చలికాలం వేకువన మా చిత్తూరు కంటే చలి ఎక్కువ. తిరుపతిలో తిరిగే బండికి ఒకటి రెండు హీటర్ ప్లగ్‌లు పోయినా యజమానికి తెలియకపోవచ్చు, మీ దగ్గర తెలుస్తుంది. ప్లగ్ వైరు తీసి మీటరు పెడితే మంచి ప్లగ్ చాలా తక్కువ, సుమారు ఒక ఓమ్ దగ్గర చూపిస్తుంది. అసలేమీ చూపించకపోతే అది కాలిపోయినట్లే.

పలమనేరు పాలబండి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే చూశాను. ఇంజిన్ చురుకుగానే తిరుగుతోంది, సెల్ఫ్ తిరిగేటప్పుడు మీటరు 10.4 చూపించింది, ఎర్త్ బాగుంది, నాలుగు ప్లగ్‌లూ బాగున్నాయి. వెనక మా తమ్ముడు నిలబడి చూస్తే పొగ అసలు లేదు. చిత్తూరులో చదును నేల మీద మూడు గంటలు ఆగినా వెంటనే అందుకుంటుంది. ఇంటి దగ్గర మాత్రం వాకిలి ఏటవాలుగా ఉంటుంది, నేను బండి ముఖాన్ని ఎగువకు పెట్టి నిలుపుతాను.

తిరుపతి డీజిల్ షెడ్డు:

మీ చివరి వాక్యంలోనే జవాబు ఉందని నా అనుమానం. ముఖం ఎగువకు ఉంటే ట్యాంకు ఇంజిన్ కంటే పల్లంలో పడుతుంది. గొట్టంలో ఎక్కడైనా సన్నని సందు ఉంటే అందులోంచి గాలి దూరి, రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. మీ బండిలో డీజిల్‌ను ఇంజిన్ వైపు పంపు పీల్చుకునే ఏర్పాటు ఉంటే ఇది ఇంకా సులువుగా జరుగుతుంది.

ఈ రాత్రి బండిని తిప్పి, ముఖం దిగువకు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి నిలపండి. చలి అదే, బ్యాటరీ అదే, ప్లగ్‌లు అవే; మారేది వాలు ఒక్కటే. మరునాడు మామూలుగా నిలిపి, సెల్ఫ్ కొట్టే ముందు ఫిల్టరు మీది చేతి పంపును గట్టిపడేదాకా నొక్కి చూడండి. రెండు రోజులూ బండి వెంటనే అందుకుంటే ఇంజెక్టర్ల ఆలోచన పక్కన పెట్టవచ్చు. పరీక్షల సమయంలో పది పదిహేను సెకన్లకు మించి ఏకధాటిగా సెల్ఫ్ కొట్టకండి, మోటారు కాలిపోతుంది. హై ప్రెషర్ పైపుల నట్లను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదులు చేయకండి. ఇంజిన్ నడుస్తుండగా అక్కడ 1,000 బార్లకు మించిన ఒత్తిడి ఉండవచ్చు, ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

పలమనేరు పాలబండి:

దిగువకు నిలిపిన రోజు రెండు సెకన్లలో అందుకుంది. చేతి పంపు నొక్కిన రోజు కూడా అంతే. దానితో నమ్మకం కుదిరి, మెకానిక్‌ను పిలిచి ఫిల్టరు తరువాత ఒక మూర పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా పెట్టించాను. ఇంజిన్ నడుస్తుండగా అందులో ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. వెతుక్కుంటూ వెనక్కి వెళితే, ఫిల్టరుకు డీజిల్ వచ్చే రబ్బరు గొట్టం క్లిప్పు కింద దుమ్ము నల్లగా, తడిగా ఉంగరంలాగా అంటుకుని ఉంది. గొట్టం ఊడదీసి కొసను వంచి చూస్తే వెంట్రుక మందాన మూడు పగుళ్ళు కనిపించాయి. గొట్టమూ రెండు క్లిప్పులూ మార్పించాను. ఇప్పటికి అయిదు రోజులు, ముఖం ఎగువకే నిలుపుతున్నాను, తాళం తిప్పగానే అందుకుంటోంది.

తిరుపతి డీజిల్ షెడ్డు:

చాలా సంతోషం. వేసినది డీజిల్‌కు తట్టుకునే గొట్టమేనా అని ఒకసారి అడిగి తెలుసుకోండి. నీళ్ళ గొట్టం వేస్తే కొన్ని నెలల్లో మెత్తబడి మళ్ళీ ఇదే కథ అవుతుంది. ఆ పారదర్శకమైన గొట్టాన్ని కూడా తీయించివేయండి, ఇంజిన్ వేడికి అది నిలవదు. ఫిల్టరు అడుగున చేరిన నీటిని ఈ వారంలోనే వదిలించండి.