అప్‌డేట్: సాకెట్‌లో బిగుసుకుపోయిన బయోస్ చిప్ క్షేమంగా బయటికి వచ్చింది

పాత మదర్‌బోర్డులోని 32 కాళ్ల పీఎల్‌సీసీ (నాలుగు పక్కలా కాళ్లుండే రకం) బయోస్ చిప్‌ను, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం ఉండే చిప్‌ను, స్క్రూడ్రైవర్‌తో లేపబోయి, ఒక మూల మాత్రమే పైకి వచ్చి ఆగిపోవడంతో ఏం చేయాలని గత వారం ఇక్కడ అడిగాను. మీరు చెప్పినట్టే పవర్ కేబుల్ తీసి, చేతికి యాంటీస్టాటిక్ పట్టీ కట్టుకుని, ముందుగా ఆ లేచిన మూలను వేలితో నెమ్మదిగా నొక్కి చిప్‌ను మళ్లీ సమతలంగా కూర్చోబెట్టాను. అన్నిటికన్నా విలువైన సలహా అదే.

సాకెట్‌లోని స్ప్రింగు కాంటాక్టులు నాలుగు వైపుల నుంచీ చిప్ కాళ్లను ఒత్తి పట్టుకుంటాయి కాబట్టి, ఒక పక్క నుంచే ఎత్తితే చిప్ ఏటవాలుగా ఇరుక్కుని, కాంటాక్టులు వంగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఈసారి ఎక్స్‌ట్రాక్టర్ (చిప్‌ను సాకెట్ నుంచి పైకి లాగే చిన్న పనిముట్టు) వాడాను. దాని కొక్కేలను సాకెట్‌కు ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు చీలికల్లోకి దించి పిడిని నొక్కగానే, అవి చిప్‌ను రెండు మూలలా ఒకేసారి నిట్టనిలువుగా పైకి తీశాయి.

భూతద్దంతో చూస్తే, నేను స్క్రూడ్రైవర్ పెట్టిన చోట ఒక కాంటాక్టు కాస్త పక్కకు ఒరిగి ఉంది. సన్నని పట్టకారుతో దాన్ని పక్కవాటి వరుసలోకి తెచ్చాను. కొత్త చిప్‌ను, దాని కోసిన మూల సాకెట్‌లోని కోసిన మూలకు సరిపోయేలా ఉంచి, సమానంగా నొక్కి బిగించాను. బోర్డు మొదటి ప్రయత్నంలోనే ఆన్ అయింది.