పన్నెండేళ్ల పిల్లకు శారీ ఫంక్షన్: వేడుకా, వేషమా?

హన్మకొండ నాన్న

మా పాప ఏడో తరగతి. సంక్రాంతి సెలవుల్లో పెద్దమనిషి అయింది. పదకొండో రోజు ఇంట్లోనే తలస్నానం చేయించి, దగ్గరివాళ్లను పిలిచి భోజనాలు పెట్టాం. అక్కడితో అయిపోయిందనుకున్నా. ఇప్పుడు ఎండాకాలంలో శారీ ఫంక్షన్ చేయాల్సిందేనని మా ఆవిడ, మా అమ్మ, మా బావమరిది ముగ్గురూ ఒక్కటయ్యారు. మా అమ్మ, మా ఆవిడ ఒక మాట మీదికి రావడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి, అది వేరే సంగతి. హంటర్ రోడ్డులో గార్డెన్ చూసి వచ్చారు కూడా. ఆరు వందల మందికి భోజనాలు, ఎల్‌ఈడీ తెర, డ్రోన్, ముందే ఖిలా వరంగల్ తోరణాల దగ్గర వీడియో షూటింగ్. లెక్క ఐదు లక్షలు దాటుతోంది.

డబ్బు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాడిని. మొన్న మెడికల్ షాపులో ప్యాడ్లు అడిగితే అతను అటూ ఇటూ చూసి, పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇచ్చాడు. నేనూ ఏదో దొంగతనం చేసినట్టు బండి డిక్కీలో దాచుకుని తెచ్చా. ఇంత దాచిన ముచ్చటను రేపు నయీంనగర్‌లో పన్నెండడుగుల ఫ్లెక్సీ మీద పెట్టాలట. పాప ఫొటో, పక్కన మా వార్డు నాయకుడి ఫొటో, కింద మా చుట్టాల ముఖాలు వరసగా.

పాప స్కూలుకు సైకిల్ మీద పోయేది. ఇప్పుడు ఆటో మాట్లాడారు. ఎందుకంటే 'పెద్దమనిషి అయింది కదా' అన్నారు. అదే సాయంత్రం పాప 'నాకు స్టేజీ మీద డాన్స్ వద్దు' అంటే 'చిన్నపిల్లవి, నీకేం తెలుసు' అన్నారు. ఒకే రోజు, ఒకే మనిషి నోటి నుంచి. ఎవరని అడగకండి, ఇంట్లో ఉండాల్సినవాడిని.

మీ ఇళ్లలో ఏం చేశారో చెప్పండి. తిట్టాలనిపిస్తే తిట్టండి.

పరకాల మేనమామ

అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఇన్నేళ్లలో మీరు ఎంతమంది ఫంక్షన్లకు పోయి వచ్చారు, ఎంత చదివించారు? ఊళ్లో ప్రతి ఇంటికీ ఐదు వందలు, వెయ్యి రాయించుకుంటూ వచ్చిన వాళ్లం. మన వంతు వచ్చినప్పుడు వద్దంటే ఆ డబ్బంతా కాలువలో పోసినట్టే. ఇంకో మాట. మేనమామకు ఉండేది ఆ ఒక్క రోజు. చీర నేను తేవాలి, బిడ్డ చెయ్యి పట్టుకుని స్టేజీ మీద నేను కూర్చోబెట్టాలి. మీ బావమరిదికి ఆ ముచ్చట లేకుండా చేయకండి.

ఇద్దరు కొడుకుల తండ్రి

ఆడపిల్లలు లేని మా బాకీలు ఎట్లా వసూలు కావాలి మరి? అందుకే ధోతి ఫంక్షన్ చేశాం. మావాడికి తొమ్మిదేళ్లు. పంచె జారిపోతుందని లోపల నిక్కరు వేసి, పైన మా నాన్న బెల్టు పెట్టాం. మీద పడిన అక్షింతలు ఏరుకుని వాడు పక్కవాళ్ల మీదికి విసురుతూ కూర్చున్నాడు. ఖర్చు పోను నలభై వేలు మిగిలాయి.

సుబేదారి టీచరమ్మ

చదివింపుల లెక్క నాకూ తెలుసు, మా ఇంట్లోనూ ఆ నోటుబుక్కు ఉంది. నేను చెప్పేది బడిలో చూసింది.

నేను గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఖోఖోలో మండలానికే మొదటిది. స్తంభం దగ్గర ఒంటికాలి మీద తిరిగిందంటే పట్టుకోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. ఫంక్షన్ అయి బడికి వచ్చాక ఆటల పీరియడ్‌లో వేపచెట్టు కింద కూర్చుంటోంది. అడిగితే 'అమ్మ వద్దన్నది టీచర్, ఫంక్షన్ అయింది కదా' అంది. నెలసరి మొదలైంది అంతకు నాలుగు నెలల ముందు. ఆ నాలుగు నెలలూ ఆడింది, టోర్నమెంటుకు కూడా పోయి వచ్చింది. ఫంక్షన్ అయ్యాకే ఆట బందయింది. చౌరస్తాలో ఫ్లెక్సీ చూసిన మగపిల్లలు 'పెద్దమనిషీ, పెద్దమనిషీ' అని పిలుస్తున్నారు. ఇద్దరిని గోడకుర్చీ వేయించా. కానీ ఆ మాట వాళ్లకు నేర్పింది మనమే కదా.

పన్నెండేళ్ల మగపిల్లవాణ్ని పెద్దమనిషి అంటే పంచాయితీ చెప్పేవాడేమో అనుకుంటాం. ఆడపిల్లను అంటే ఇంట్లో కూర్చోబెడతాం.

పాత బస్టాండు వకీలు

ఒకప్పుడు ఈ వేడుకకు అర్థం ఉండేది. మా ఇంట్లో పెండ్లికి ఎదిగిన పిల్ల ఉందని ఊరికి చెప్పడం. ఇప్పుడు ఆ పని చట్టమే ఒప్పుకోదు. ఆడపిల్ల పెండ్లి వయసు 1978 నుంచి 18 ఏళ్లు, 2006 చట్టంతో బాల్యవివాహానికి శిక్ష ఇంకా పెరిగింది. మన రాష్ట్రంలో కళ్యాణలక్ష్మి కింద ఇచ్చే 1,00,116 రూపాయలు కూడా 18 నిండిన పిల్లకే. పన్నెండేళ్ల పిల్లకు సంబంధం చూస్తారా అంటే ఇక్కడ ఫంక్షన్ చేసే ఒక్కరూ ఒప్పుకోరు, కొట్టినంత పని చేస్తారు. మరి పెండ్లికూతురి ముస్తాబు ఎందుకు?

కాజీపేట అమ్మ

వకీలు గారూ, మీరు ఎక్కడికో పోయారు. మా పాపకు తొమ్మిదో ఏటనే చేశాం, బేసి సంవత్సరం మంచిదని. అప్పటికి ఆమె పెద్దమనిషి కాలేదు కూడా. లంగా ఓణీ కట్టి, నగలు పెట్టి ముచ్చట తీర్చుకున్నాం. బర్త్‌డేకు కేకు కోయించినట్టే. ప్రతిదానికీ అర్థం వెతికితే పండగలు కూడా చేసుకోలేం.

పాత బస్టాండు వకీలు

అర్థం లేదు సరే, అప్పు మాత్రం నిజమేనా అమ్మా?

కాజీపేట అమ్మ

అప్పు చేయలేదు. చిట్టీ ఎత్తాం.

కోరుట్ల బీడీల అమ్మ

మా బాబు టైప్ చేస్తున్నాడు, తప్పులుంటే వాడివి.

మీరందరూ వేషం అంటున్నారు. పిల్ల పుట్టకముందే మా ఆయన దుబాయి పోయాడు. మధ్యలో రెండుసార్లు వచ్చాడు. పిల్ల పుట్టినప్పుడు లేడు, బడిలో వేసినప్పుడు లేడు, జ్వరమొచ్చి సెలైన్లు ఎక్కించినప్పుడు వీడియోకాల్‌లో ఉన్నాడు. ఫంక్షన్ పెట్టుకున్నామనే లీవు ఇచ్చారు. ఫ్లెక్సీలో కోటు వేసుకున్న మా ఆయన ఫొటో ఉంటుంది. ఆ కోటు ఆయనది కాదు, స్టూడియోవాడు కంప్యూటర్లో తొడిగించాడు. అబద్ధమే. కానీ పిల్ల చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే గుర్తుపట్టనట్టు చూసి ఏడ్చాడు. అది ఏ స్టూడియోవాడూ పెట్టలేదు.

వెయ్యి బీడీలు చుడితే ఎంతొస్తదో మీకు తెలుసు. ఆ రోజు వచ్చిన చదివింపులతో ఇంటి మీద రేకులు మార్చి స్లాబు వేశాం. మాకు బ్యాంకు ఆ నోటుబుక్కే. మీ ఇండ్లలో అక్కర్లేకపోవచ్చు, వద్దనండి. మమ్మల్ని చూసి నవ్వకండి.

హన్మకొండ నాన్న

నవ్వలేదమ్మా. మీ కోటు ముచ్చట చదివాక నా ఐదు లక్షల ఏడుపు చిన్నగా కనిపించింది.

నర్సంపేట నర్సమ్మ

రిటైర్ అయినదాన్ని, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి.

నేను పెద్దమనిషి అయినప్పుడు మా ఇంటి వెనక, గొడ్లకొట్టం పక్కన చాప వేసి కూర్చోబెట్టారు. పదకొండు రోజులు. వేరే పళ్లెం, వేరే చెంబు. మా తమ్ముడు దగ్గరికొస్తే మా నానమ్మ కట్టె తీసుకునేది. ఏదో రోగం వచ్చి చచ్చిపోతున్నాననుకున్నా, మూడో రోజు దాకా ఎవరూ చెప్పలేదు ఇదేమిటో. కాబట్టి పాతకాలం బంగారం అని నేను అనను. మూలన కూర్చున్న పిల్లను ఇవాళ అందరి ముందు కుర్చీ వేసి కూర్చోబెడుతున్నారంటే నాకు సంతోషమే.

కానీ ఆ పదకొండు రోజులూ వాడకట్టు ఆడవాళ్లంతా తిండి తెచ్చారు. కుడుకలు, బెల్లం, ఖర్జూరాలు, నువ్వుల ముద్దలు. మా పక్కింటి సాలోళ్ల పెద్దమ్మ ఇంట్లో జొన్నగట్కే దిక్కు, ఆమె కూడా ఉడకబెట్టిన గుడ్డు కొంగులో పెట్టుకుని తెచ్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది. పిల్ల ఒంట్లో రక్తం పోతోందని చదువురాని వాళ్లకూ తెలుసు.

పోయిన ఏడు మా చుట్టాల ఫంక్షన్‌కు పోయాను. వచ్చినవాళ్లకు మటన్, చికెన్, బగారన్నం, రెండు రకాల ఐస్‌క్రీమ్. పిల్లను పొద్దున తొమ్మిదికి కూర్చోబెట్టారు. మేకప్ చెడుతుందని నీళ్లు స్ట్రాతో తాగించారు. చదివింపులు అయ్యేదాకా లేవనివ్వలేదు. నాలుగింటికి కళ్లు తిరుగుతున్నాయంటే నేనే చెయ్యి పట్టుకుని పక్క గదికి తీసుకుపోయి అరటిపండు పెట్టాను. మొహం పౌడరు కింద తెల్లగా పాలిపోయి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తం తక్కువ. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ గోళీ మింగుతున్నావా అని అడిగితే, 'వాంతి వస్తదని పారేస్తున్నాం' అంది.

పాత తంతులో పిల్లను బాధపెట్టిందీ ఉంది, పిల్ల కోసం చేసిందీ ఉంది. బాధ తీసేశారు, మంచిదే. పిల్ల కోసం చేసింది కూడా ఎప్పుడు తీసేశారో నేను చూడలేదు. వచ్చినవాళ్ల కోసం చేసేది మాత్రం పెరిగింది. ఫంక్షన్ చేస్తే చేయండి నాయనా, పిల్లకు ముందు అన్నం పెట్టండి.

కెమెరా కన్ను

నేను ఈ ఫంక్షన్ల మీదే బతుకుతున్నా, కాబట్టి నా మాట ఎంత నమ్మాలో మీ ఇష్టం.

పోయిన నెల ఖిలా వరంగల్‌లో ఒక షూటింగ్. తోరణం ముందు పాప నెమ్మదిగా నడిచి రావాలి, సగం దూరం వచ్చాక తల వంచి సిగ్గుపడాలి. పాపకు సిగ్గుపడటం రావడం లేదు. 'సిగ్గు అంటే ఎట్లా అంకుల్?' అని అడిగింది. వాళ్ల అమ్మ చేసి చూపించింది, నేను చేసి చూపించా, మా అసిస్టెంటు చేసి చూపించాడు. గడ్డం పెంచిన మనిషి వాడు, కింది పెదవి కొరికి నేలకేసి చూస్తుంటే పాప పడీ పడీ నవ్వింది. తొమ్మిది టేకులు. ఇంతలో రాళ్ల మధ్యకు మేకపిల్ల ఒకటి వచ్చింది. పాప కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తి పట్టుకుని దాని వెనక పరుగు. చీర కింద స్కూలు బూట్లు. అమ్మ వెనక నుంచి 'చీర! చీర!' అని అరుపు. నేను కెమెరా ఆపలేదు.

నేను తీసినవాటిలో పనికొచ్చేది అదొక్కటే. ఎల్‌ఈడీ మీద వేయడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు, తీసేయించారు.

సుబేదారి టీచరమ్మ

ఆ ముక్క ఉంచారా తమ్ముడూ?

కెమెరా కన్ను

హార్డ్ డిస్క్‌లో ఉంది అక్కా. పాప పెద్దదై అడిగితే ఇస్తా.

హన్మకొండ నాన్న

అందరికీ థాంక్స్. నర్సమ్మ గారి పోస్టు ఇంట్లో గట్టిగా చదివి వినిపించా. మా అమ్మ ఏమీ అనలేదు, లేచి పోయి నువ్వులు వేయించింది.

తర్వాత ఎవరం చేయని పని చేశా, పాపనే అడిగా. నేను అనుకున్న జవాబు రాలేదు. ఫంక్షన్ కావాలట. వాళ్ల క్లాసులో ముగ్గురికి అయిందట, డ్రోన్ కూడా ఉండాలట. 'కానీ డాడీ, ఎందుకు చేస్తున్నామో ఎవరికీ చెప్పొద్దు. బర్త్‌డే అని చెబుదాం' అంది. వేషం వద్దని నేను కొట్లాడుతుంటే బిడ్డ ఇంకో వేషం తెచ్చి చేతిలో పెట్టింది.

బర్త్‌డే ఆగస్టులో ఉంది. ఇప్పటికి తేలింది ఇంత: ఫ్లెక్సీ లేదు, మనుషులు రెండు వందలు, సైకిల్ రేపటి నుంచి మళ్లీ నడుస్తుంది. బావమరిది ఫ్లెక్సీకి ఆల్రెడీ అడ్వాన్స్ ఇచ్చాడట. నిన్నటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు.