కాల్పనిక లోకంలోని స్త్రీ పాత్రలకు అరుదైన పేర్లు

ప్రశ్న: నా కాల్పనిక నవలలో కొండజాతికీ సముద్రజాతికీ చెందిన నలుగురు స్త్రీలున్నారు. వారి పేర్లు కొత్తగా ఉండాలి, అయినా తెలుగు నోటికి అలవోకగా పలకాలి. నేను కల్పించిన ‘జ్రిథ్యాల్’ దగ్గర చదివిన ప్రతివారూ ఆగిపోతున్నారు. ఏ పద్ధతి అనుసరించాలి?

జవాబు 1: ముందు ఒక్కో జాతికి ఒక ధ్వని స్వభావాన్ని నిర్ణయించండి. సముద్రజాతి పేర్లలో ల, య, మ, న వంటి మెత్తని అక్షరాలూ, కొండజాతి పేర్లలో ట, డ, గ, ర వంటివీ ఎక్కువగా వాడితే, ‘యాలిమ’ ఎవరో ‘గడిర’ ఎవరో వివరణ లేకుండానే తెలుస్తుంది. పేరును అచ్చుతో ముగించడం మేలు, ఎందుకంటే మనం పేరుకు ‘కు’, ‘తో’ వంటి ప్రత్యయాలు చేరుస్తాము, పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాము. మీ ‘జ్రిథ్యాల్’ ఈ రెండు చోట్లా తడబడుతుంది.

జవాబు 2: అన్నీ కల్పించనవసరం లేదని నా అభిప్రాయం. పేర్లుగా ఎవరూ పెట్టుకోని అచ్చతెలుగు మాటలు ఎన్నో ఉన్నాయి: తెమ్మెర, మొయిలు, నివురు. నిప్పును కప్పి ఉంచే బూడిద గనుక, కోపాన్ని లోలోపలే దాచుకున్న రాణికి ‘నివురు’ కంటే తగిన పేరు నాకు తోచడం లేదు. నాగార్జునకొండ శాసనాలలో కనిపించే ఇక్ష్వాకు స్త్రీల పేర్లు, అడవి శాంతిశ్రీ, కొడబలిశ్రీ వంటివి కూడా గమనించండి. వాటిలోలాగా ఒకే ముగింపు పెడితే వంశం స్ఫురిస్తుంది.

జవాబు 3: నలుగురి పేర్లూ వేర్వేరు అక్షరాలతో మొదలుపెట్టండి, లేకపోతే పాఠకులు ఒకరిని మరొకరుగా పొరబడతారు.