మట్టిదిబ్బ ఇన్ని వానలకు ఎలా నిలిచింది?

లంకరైతు:
మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరండి. వరద తీసిన వారానికల్లా మా గట్టు ఎక్కడో ఓ చోట జారుతుంది. జపాన్‌లో సకాయ్ ఊళ్లోని డైసెన్ కొఫున్ ఫోటో చూశాను. 5వ శతాబ్దపు సమాధి, నింతోకు చక్రవర్తిదంటారు. తాళంచెవి దూర్చే కంత ఆకారం, చుట్టూ మూడు కందకాలు. అంతా మట్టే. అక్కడా మనకిలాగే తుపాన్లూ వానలూ కదా, ఎలా నిలబడింది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒసాకాలో అమలాపురం:
రైతుగారూ, ఇప్పుడున్న చెట్లను చూసి అప్పుడూ అలాగే ఉండేదనుకోకండి. ఇలాంటి పెద్ద దిబ్బలకు కట్టిన రోజుల్లో రాతి తొడుగు ఉండేది. కోబెలోని గోషికిజుకాకు వెళ్తే కళ్లారా కనబడుతుంది. 194 మీటర్ల పొడవున్న దిబ్బ. 1965 నుంచి పదేళ్లు పనిచేసి పాత రూపానికి తెచ్చారు. మూడు అంచెలుగా కట్టి, ఏటవాలంతా రాళ్లు ఒత్తుగా పేర్చారు. మొత్తం 22 లక్షల పైచిలుకని లెక్క. నేను వెళ్లినరోజు జోరువాన. రాళ్ల సందుల్లోంచి దిగే నీళ్లు చేత్తో పట్టి చూశాను, బురద రంగే లేదు! మన ఏటిగట్టుకు వేసే రివిట్‌మెంట్ పనేనండి అది. అంచెల అంచున హనివా అనే కాల్చిన మట్టి గొట్టాలు, అడుగు భాగం నేలలో పాతి, బారులుగా ఉంటాయి. ఇప్పుడున్నవి నకళ్లు.

అలాగని డైసెన్ చెక్కు చెదరలేదనకూడదు. నీటిపైన కొలిస్తే పొడవు 486 మీటర్లు. నీళ్లలో మునిగిన అంచు కూడా కలిపి కొలిస్తే 525 అని 2018లో తేలింది. కందకం నీళ్లు దాని మొదలును కోస్తూనే ఉన్నాయి.

చరిత్ర మాస్టారు, రాజోలు:
లోపలి వస్తువులను కాపాడిందీ మట్టేనండి. నారాలోని తోమియో మారుయామా అనే సమాధి దిబ్బలో దుంగతో చేసిన శవపేటికకు బంకమట్టి దట్టంగా పట్టించారు. ఆ మట్టిలోనే పాములా వంకరలు తిరిగిన 2.37 మీటర్ల ఇనప కత్తి, డాలు ఆకారంలో 64 సెంటీమీటర్ల కంచు అద్దం దొరికాయి. 2023 జనవరిలో ప్రకటించారు. 1972లో తకమత్సుజుకా అనే మరో సమాధిని తెరిస్తే మాత్రం గోడల మీది బొమ్మలకు బూజు పట్టి, చివరికి 2007లో రాతి గదినే విప్పాల్సొచ్చింది. అందుకే డైసెన్‌ను తవ్వాలని తొందరపడేవాళ్ల పక్షం నేను కాదు. కాపాడే దారి ముందు తేలాలి.

లంకరైతు:
చాలా థాంక్సండి ఇద్దరికీ. మా గట్టుకు రాయి సగం దూరమే వేశారు, జారేదంతా మిగతా సగంలోనే. ఒసాకా బాబూ, గోషికిజుకా రాళ్ల ఫోటోలు దగ్గర నుంచి తీసినవి ఉంటే పెట్టవా? ఊళ్లో మీటింగుంది, చూపిస్తాను.