చెరుకూరి అని కొడితే దొరకట్లేదా, చెఱుకూరి అని చూడండి

> మాది చెరుకూరి వారు. తాతల కాలం నాటి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక స్కాన్లలో ఇంటిపేరు కోసం వెతుకుతున్నా, ఒక్కటంటే ఒక్కటి రావట్లేదు. అప్పట్లో మా ఇంటిపేరు వేరేగా ఉండేదా?

పేరు వేరు కాదండీ, అచ్చు వేరు. చెఱకులో ఉన్నది బండి ఱ కదా, అప్పటి ప్రెస్సుల్లో చెఱుకూరి అనే వేసేవాళ్ళు, మీరు మామూలు ర పెట్టి వెతికితే కంప్యూటర్‌కి అది ఇంకో పదం. అరసున్న సంగతీ అంతే, వేటూరి వారు వేఁటూరి అయి కూర్చుంటారు. ఇ, ఎ లతో మొదలయ్యేవి యి, యె లతో పడతాయి, ఇంద్రగంటి యింద్రగంటి, ఎర్రా యెఱ్ఱా. అన్నిటికన్నా చిక్కు వలపలగిలక. కనుపర్తిని కనుపతి౯ అని వేసేవారు, ఆ గిలక చూడ్డానికి తెలుగు తొమ్మిదంకెలా ఉంటుంది, చదవాల్సిందేమో ముందున్న అక్షరానికి ముందు ర్ అని, పాపం ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదివే ప్రోగ్రాం) దాన్ని అంకె అనుకుంటుంది లేదా వదిలేస్తుంది. అసలు చాలా స్కాన్లు వట్టి బొమ్మలే, వెతుకుడు పనిచేయదు, తేదీ పట్టుకుని పేజీలు తిప్పుకోవాల్సిందే.

ఇంకోటి, వార్తల్లో వెతక్కండి. మామూలు మనుషుల పేర్లు వార్తల్లో ఎక్కడ పడతాయండీ. కోర్టు నోటీసులు చూడండి, చివరి పేజీల్లో చిన్నక్షరాల్లో ఉంటాయి, ఫలానా డిస్ట్రిక్టు మునసబు కోర్టు, వాది, ప్రతివాది అని ఇంటిపేరుతో సహా, తండ్రి పేరు, ఊరు కూడా కలిపి వేస్తారు, వంశవృక్షానికి అంతకన్నా ఏం కావాలి! అప్పుల గొడవ అయినా సరే మనకి పండగే 😀 తర్వాత విరాళాల జాబితాలు, అక్కడ ఊరి పేరుతో సహా రూపాయలు అణాలు ఉంటాయి. ఇంగ్లీషు పేపర్లు నాకైతే పెద్ద ఉపయోగపడలేదు, ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించేస్తారు, సి. అంటే చెరుకూరో చిలకమర్తో చింతలపాటో ఎవడు చెప్పాలి, పైగా రావుని Row అని వేస్తారు, దాన్ని తెలుగు చేస్తే రో అయిపోతుంది.

> అన్నగారు చెప్పింది నిజమే కానీ ఒక మాట, చెఱుకూరి అని కనిపించగానే మనవాళ్ళే అనుకోకండి. ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరు కదా, ఆ ఊరు వదిలి వెళ్ళిన ఎవరైనా పెట్టుకోవచ్చు, వేరే వేరే కులాల్లో కూడా ఉంటుంది. పేరు పక్కనున్న ఊరు, తండ్రి పేరు కలిస్తేనే లెక్క.

అవును, అది నేను రాయాల్సింది. ఊరు అంటే ఇంకోటి గుర్తొచ్చింది, చెరుకూరు పర్చూరు దగ్గర కదా, పాత నోటీసుల్లో జిల్లా పేరు చూసి తికమక పడకండి. 1904కి ముందు అది కృష్ణా జిల్లా, ఆ తర్వాత గుంటూరు, 1970లో ఒంగోలు జిల్లా కట్టాక అటు, ఇప్పుడు బాపట్ల. అదే ఊరు, అదే మనుషులు. అలాగే పత్రికల మీద తేదీ బదులు రౌద్రి ఉగాది అని ఉంటే 1920 అని వేసుకోండి, ఆ సంవత్సరం పేరు అరవయ్యేళ్ళకోసారి తిరిగొస్తుంది కానీ, మనం చూసేది తాతల కాలం పత్రికలు కాబట్టి 1860 కాదు, 1980 కాదు.

> ధన్యవాదాలండీ, ఱ పెట్టి చూస్తా. మా నాయనమ్మ పుట్టింటివారు కనుపర్తి వారే, గిలక సంగతి తెలియక అది కూడా వదిలేశాను. గిలక టైప్ చేసే దారి ఉందా?

౯ అనే కొట్టండి, కనుపతి౯ అని. పని చేయకపోతే కనుపతి అని మాత్రమే కొట్టి చూడండి, వచ్చినవాటిలో బొమ్మ తెరిచి కళ్ళతో ఏరుకోవాలి.