కొత్త పగడానికి డిప్ (మందు నీటిలో కాసేపు ముంచి తీయడం) ఒక్కటే సరిపోతుందా, క్వారంటైన్ తొట్టి (కొత్తవాటిని విడిగా ఉంచే తొట్టి) తప్పనిసరా?

కూకట్‌పల్లి సభ్యుడు:
గట్టి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున మా రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలో, గట్టి అస్థిపంజరం లేని జోయాంథిడ్లు, మష్రూమ్‌లే పెంచుతున్నాను. ఇప్పుడు ఒక కొత్త జోయాంథిడ్ గుత్తి తీసుకోవాలనుకుంటున్నాను. దాని మీది పురుగులు పోవడానికి అయోడిన్ డిప్‌లో ముంచి, ట్యాంకులో పురుగులను తినే సిక్స్‌లైన్ రాస్ చేపను ఒకదాన్ని వదిలితే చాలునని దుకాణదారు అంటున్నారు. వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచనిదే లోపలికి దించకూడదని ఇక్కడి సభ్యులు కొందరు అంటున్నారు. ఏది సరైనది?

సైనిక్‌పురి సభ్యురాలు:
డిప్ కదిలే ప్రాణులను ఊడగొడుతుంది గానీ గుడ్ల పొరను దాటి లోపలికి పోదు. జోయాంథిడ్లను తినే నుడిబ్రాంక్, అంటే పెంకు లేని సముద్రపు నత్త, ప్లగ్ (గుత్తిని అతికించిన చిన్న దిమ్మ) అడుగునా పాలిప్‌ల (గుత్తిలోని పువ్వుల్లాంటి ఒక్కొక్క జీవి) మొదళ్లలోనూ తెల్లటి సన్నని చుట్టగా గుడ్లు పెడుతుంది. ఆ చుట్ట డిప్ నుంచి చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. పైగా తాను తిన్న పాలిప్ రంగే దాని ఒంటికి పడుతుంది కనుక, పచ్చ గుత్తి మీది పచ్చ నత్తను టార్చి వేసి వెతికినా పోల్చుకోవడం కష్టం. చాలాసార్లు గుత్తి పట్టపగలు కూడా విచ్చుకోకుండా ముడుచుకుని ఉండటమే మన కంటబడే మొదటి ఆనవాలు. అందుచేత వేరే తొట్టిలో ఉంచి, గుడ్లలోంచి బయటపడే పిల్లలను వారం వారం డిప్‌తో ఏరివేయడం తప్ప దగ్గరి దారి లేదు. ఇక రాస్ అంటారా, అది పగటి చేప. చీకటి పడగానే ఒంటి చుట్టూ జిగురు పొర అల్లుకుని నిద్రపోతుంది; నత్త మేతకు బయలుదేరేది అప్పుడే.

మలక్‌పేట సభ్యుడు:
మేడమ్, మీరు చెప్పినది నిజమే గానీ, మన ఊరి ఎండను లెక్కలోకి తీసుకోలేదు. బయట 40 డిగ్రీలు దాటిన రోజున, చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేని 20 లీటర్ల తొట్టిలో నీరు ఆవిరవుతూ పోతే, వెయ్యికి 35 వంతులు ఉండవలసిన లవణం పెరిగిపోతుంది; కరెంటు పోతే పంపూ ఆగిపోతుంది. పురుగు నుంచి కాపాడబోయి పగడాన్ని ఉడకబెట్టడం ఏం జాగ్రత్త? నేనైతే వచ్చిన ప్లగ్‌ను పారేసి, గుత్తి మొదలంతా గీకి, కొత్త ప్లగ్‌కు అతికిస్తాను. గుడ్లలో చాలా భాగం దానితోనే పోతాయి.

ఉప్పల్ సభ్యుడు:
మొక్కలకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ మందుతో డిప్ చేస్తే ఈ బాధంతా తప్పదా?

సైనిక్‌పురి సభ్యురాలు:
గుడ్ల విషయంలో అదీ అంతే. సరిగా కడగకుండా ట్యాంకులోకి దించితే రొయ్యలకూ పీతలకూ ముప్పు. నేను దాన్ని ఇంట్లోకి రానివ్వను.

మలక్‌పేట వారు చెప్పిన ప్లగ్ మార్పిడి చేయవలసిందే, అయితే చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు లేకుండా గీకకూడదు, వేడినీళ్లు అసలే పోయకూడదు, ఎందుకంటే కొన్ని జోయాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలీటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. కానీ "చాలా భాగం" పోవడం సరిపోదు. ఈ నత్తలు ఉభయలింగ జీవులు. ఏ రెండు మిగిలినా సంతతి మళ్లీ మొదలవుతుంది. ఎండ గురించిన అభ్యంతరం న్యాయమైనదే, కాబట్టి మే నెలలో కొనకండి. నవంబరు నుంచి జనవరి వరకు చిల్లర్ అక్కర్లేదు, చిన్న హీటరు చాలు. ప్రధాన ట్యాంకు నుంచి తీసిన నీటితోనే ఆ తొట్టిని నింపవచ్చు. అక్కడి నీటిని మాత్రం వెనక్కి పోయకూడదు.

మలక్‌పేట సభ్యుడు:
చలికాలమంటే నాకూ సమ్మతమే. అయితే ట్యాంకులో ఇప్పటికే నత్త ఉన్నవారికి ఈ తొట్టి వల్ల ఒరిగేదేమీ లేదు. ముందు ఉన్న గుత్తులన్నీ రాత్రిపూట చూసుకోవాలి.

కూకట్‌పల్లి సభ్యుడు:
అయితే గుత్తిని నవంబరు దాకా తన దగ్గరే ఉంచమని దుకాణదారును అడుగుతాను.

మలక్‌పేట సభ్యుడు:
అడగకండి. దుకాణం తొట్టిలో ఉన్నన్నాళ్లూ పక్క గుత్తుల పురుగులు దానికి ఎక్కే వీలుంది. బయానా కట్టకుండా, అప్పటికి వచ్చిన సరుకులోంచి విచ్చుకుని ఉన్నదాన్ని ఎంచుకోండి.