చార్లెస్ గుడ్‌నైట్ తండ్రి వారసత్వ పత్రాలు ఎక్కడ దొరుకుతాయి?

1876లో టెక్సాస్‌లోని పాలో డ్యూరో లోయకు పశువుల మందను తోలుకెళ్లి స్థిరపడిన చార్లెస్ గుడ్‌నైట్ (1836–1929) వంశవృక్షాన్ని తయారు చేస్తున్నాను. ఆయన ఇల్లినాయ్ రాష్ట్రంలోని మకూపిన్ కౌంటీలో పుట్టారు. తండ్రి 1841లో మరణించగా, తల్లి మళ్లీ వివాహం చేసుకున్నాక కుటుంబం టెక్సాస్‌కు తరలివెళ్లింది. ఆయన తోబుట్టువుల పేర్లు ఆధారంతో నిర్ధారించుకోవాలన్నదే నా ప్రయత్నం.

1840 జనగణనను పరిశీలించాను గానీ, అందులో ఇంటి యజమాని పేరు తప్ప మిగిలినవారు వయసులవారీ అంకెలుగానే ఉన్నారు. బానిసలను మినహాయించి ఇంట్లోని ప్రతివారి పేరూ రాయడం 1850లోనే మొదలైంది, కానీ ఆ పట్టికలో బంధుత్వం చెప్పే గడి లేదు. కనుక మారుతండ్రి ఇంట్లో పెరిగిన పిల్లల విషయంలో దానిని పూర్తిగా నమ్మలేకపోతున్నాను. పిల్లలందరినీ వారసులుగా పేర్కొనే ప్రొబేట్ (మరణించినవారి ఆస్తిని కోర్టు ద్వారా పరిష్కరించే ప్రక్రియ) పత్రమే బలమైన సాక్ష్యమని నా అభిప్రాయం.

మకూపిన్ కౌంటీకి చెందిన 1841 నాటి ప్రొబేట్, మైనర్ల సంరక్షణ ఫైళ్ల నకళ్లను భారతదేశం నుంచి తెప్పించుకోవాలంటే ఏ కార్యాలయానికి రాయాలి?